ఉప్పుకాగితం

యానాంలోని దరియాలతిప్ప మత్స్యకారుల పల్లె. గౌతమీ గోదావరి చెంతనున్న ఈ ఊరివారికి పడవే పొలం, పడవే కాడెద్దులు. ఒకప్పుడు ఈ తీరమంతటా కర్ర నావలే ఉండేవి. తరువాత ఫైబరు పడవలు విరివిగా వచ్చాయి. కర్ర నావ దెబ్బతింటే చెక్క మారుస్తారు. ఫైబరు పడవ చిట్లితే గాజునార గుడ్డను రెజిన్‌తో అంటించి అతుకు వేస్తారు. నున్నని తలానికి రెజిన్ గట్టిగా పట్టదు. అందుచేత ముందుగా జిడ్డును శుభ్రంగా తుడిచి, ఆ చోటును ఉప్పుకాగితంతో గరుకు చేస్తారు. ఆ సన్నని గీతల్లోకి దిగిన రెజినే అతుకును పట్టి ఉంచుతుంది. ఈ పనిలో లోపముంటే అతుకు ఒడ్డున చక్కగానే కనిపిస్తుంది. ఊడేది మాత్రం అలల మధ్య.

పేరులో ఉప్పు ఉన్నా ఈ కాగితం మీద ఉప్పు లేదు. అల్యూమినియం ఆక్సైడు, సిలికాన్ కార్బైడు వంటి గట్టి పదార్థాల పలుకులను జిగురుతో కాగితానికి అంటిస్తారు. వెనుక ముద్రించిన అంకె పెరిగేకొద్దీ పలుకు సన్నమవుతుంది. 40 మోటు రకం. 400 మిక్కిలి సన్నం. అంకె పెద్దదైతే గరుకూ ఎక్కువేనని పొరబడేవారు లేకపోలేదు.

చేతితో గంటల తరబడి రుద్దే పనిని విద్యుత్తుతో నడిచే సాండరు త్వరగా చేస్తుంది. దాని అడుగున మెత్తని ప్యాడు ఉంటుంది. కాగితాన్ని దానికి బిగించే పద్ధతులు మూడు. పలక ఆకారపు ప్యాడుకు కాగితం రెండంచులను క్లిప్పులతో బిగిస్తారు. కాగితం వదులుగా ఉంటే ముడతపడి చిరుగుతుంది. కొన్ని గుండ్రని కాగితాలకు వెనుక జిగురు ఉంటుంది. మూడవది కొక్కేల పద్ధతి. పొలంగట్టున నడిచేవారి పంచెలకు ఉత్తరేణి గింజలు అంటుకోవడం అందరికీ తెలిసినదే. 1941లో స్విట్జర్లాండుకు చెందిన జార్జి ద మెస్ట్రాల్ అనే ఇంజనీరు, తన కుక్క బొచ్చుకు పట్టుకొన్న ఒక రకం ముళ్లకాయలను సూక్ష్మదర్శినిలో చూశాడు. వాటి కొనలు కొక్కేల్లా వంగి ఉన్నాయి. ఆ పరిశీలన నుండి పుట్టిన పట్టీయే నేడు సంచులకు, చెప్పులకు కనిపిస్తుంది. సాండరు ప్యాడు మీద కొక్కేలు, కాగితం వెనుక నూగు వంటి ఉంగరాలు ఉంటాయి. అదిమితే చాలు, పట్టుకొంటుంది. అయితే కాగితానికి ఉన్న రంధ్రాలు ప్యాడు రంధ్రాలతో సరిగా కలియాలి. లేకుంటే ధూళి లోపలికి పోక, కాగితం కిందనే నిలిచి పలుకులను మూసివేస్తుంది.

తీయడంలోనే తొందర పనికిరాదు. ముందుగా ప్లగ్గు తీయాలి; తడిచేతులతో ముట్టరాదు. జిగురు కాగితాన్ని వెచ్చగా ఉన్నప్పుడే తీస్తే శుభ్రంగా వస్తుంది. చల్లారితే జిగురు ప్యాడుకే మిగిలిపోతుంది. కొక్కేల కాగితానికి ఇది తలకిందులు. రాపిడి వేడికి ప్లాస్టిక్కు కొక్కేలు మెత్తబడి ఉంటాయి కనుక చల్లారనిచ్చి, ఒక అంచును గోటితో లేపి మెల్లగా ఒలవాలి. వేడి మీద గుంజితే కొక్కేలు వంగిపోతాయి. ఆపైన ఎంత కొత్త కాగితమైనా నిలవదు, జారిపోతుంది. యంత్రాన్ని వాల్చి అంచుతో రుద్దినా, కాగితం లేకుండా నడిపినా ప్యాడుకు ఇదే గతి.

అరిగిన కాగితం గీతలు పెట్టదు, నునుపు చేస్తుంది. డబ్బు కలిసివస్తుందని దానితోనే పని సాగిస్తే అతుకుకు పట్టు దొరకదు. ఫైబరు ధూళి కంటికి కనిపించనంత సన్నగా ఊపిరితిత్తులలోకి పోతుంది; రుద్దేవారు మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. నదీతీరపు తేమకు కాగితం మెత్తబడి వంకర తిరుగుతుంది కాబట్టి మిగిలిన బిళ్లలను మూత ఉన్న డబ్బాలో, పైన బరువు పెట్టి దాచుకొంటారు.