మితభాషులకు సెల్‌ఫోను



ముందుగా సొమ్ము చెల్లించి ఫోను వాడుకొను పద్ధతికి ప్రీపెయిడ్ అని పేరు. మాటలకై సొమ్మిచ్చుచున్నామని మనము తలఁతుము. నిజమునకు మనము కొనునవి దినములు. మాటాడినను మాటాడకున్నను గడువు గడచిపోవుచునే యుండును.

ఈ గడువులో నొక మెలిక గలదు. నెలకని మనమనుకొను రీచార్జి తఱచుగా 28 దినములది. పదుమూఁడు ఇరువదియెనిమిదులు 364. కావున ఏఁటికి పండ్రెండు గాక పదుమూఁడు మాఱులు చెల్లింపవలసివచ్చును. జనుల ఫిర్యాదులు మిక్కుటమైన పిమ్మట, 30 దినముల పథకము నొకటి, ప్రతినెల నదే తేదీకి వచ్చు పథకము నొకటి ప్రతి కంపెనీయు నుంచవలెనని నియంత్రణసంస్థయగు ట్రాయ్ 2022 జనవరిలో ఆజ్ఞాపించెను. అంగడివాఁడు వీనిని తానై చెప్పుట యరుదు, మనమే యడుగవలయును.

అంతకంటె మేలైన మార్పు 2024 డిసెంబరులో వచ్చినది. ఇంటర్నెట్టు అక్కఱలేనివారికి మాటలు, సందేశములు మాత్రమే గల వోచరును విధిగా నీయవలెనని ట్రాయ్ నిర్ణయించి, అట్టి వోచరుల గడువు హద్దును 90 దినములనుండి 365 దినములకు పెంచెను. ఉగాదికి పంచాంగము కొనునట్లు ఏఁటికొకమాఱు రీచార్జి చేయించుకొనుట నాబోఁటివానికి సుకరము. మనుమలు దానిలో బొమ్మలు చూడఁదలఁచిన మాత్రము కుదరదు; అదియు నొక లాభమే!

ఇఁక ప్రయాణము. మా సత్యవేడువారు ఊతుకోట చేరునప్పటికే ఫోను తమిళనాటి టవరును పట్టుకొనును. మునుపు రాష్ట్రము దాఁటినచో, వచ్చిన పిలుపునకుఁ గూడ రోమింగు సుంకము పడెడిది. పొలిమేర గ్రామములవారు ఇంటి యరుగుమీఁద కూర్చుండియే యా సుంకము చెల్లించిన దినములు గలవు. 1960 ఏప్రిల్ 1 వఱకు మాయూరు చెంగల్పట్టు జిల్లాలోనిదే. మనుష్యులు మార్చిన పొలిమేరను తరంగము లెఱుఁగవు గదా. నేఁటి పథకములలో దేశములోపల నీ బాధ సాధారణముగా లేదు. కాశికిఁ బోయినను ఆ సిమ్మే చాలును. అమరనాథయాత్రకుఁ బోవువారు మాత్రము జాగ్రత్తపడవలెను. జమ్మూకాశ్మీరమున ఇతరరాష్ట్రముల ప్రీపెయిడ్ సిమ్ములు పనిచేయవు.

నేనొకమాఱు చెన్నపట్టణమున బంధువుల యింట నుండఁగా గడువు దాఁటిపోయినది. మొదట పోవు పిలుపులు, కొలఁది దినములకు వచ్చునవియు నిలిచెను. పింఛను ఖాతా పనికి బ్యాంకువారు పంపిన ఓటీపీ నాకు చేరనేలేదు. చిరకాలము వదలినచో సంఖ్యయే రద్దగును. రద్దయిన సంఖ్యను 90 దినములవఱకు మఱియొకరి కీయరని ట్రాయ్ 2023లో సుప్రీముకోర్టునకు తెలిపెను. ఆ పిమ్మట నది యపరిచితుని చేతఁ బడవచ్చును. బ్యాంకు మాత్రము మన రహస్యాంకెలను పాతసంఖ్యకే పంపుచుండును. సంఖ్యను వదలుకొనఁదలఁచినవారు ముందుగా బ్యాంకులోను ఆధారులోను క్రొత్తదానిని వ్రాయించి, తరువాతనే వదలవలయును.

నేనిప్పుడు గడువునకు వారము ముందటి తేదీ చుట్టును గోడమీఁది క్యాలెండరులో సున్న చుట్టి యుంచుచున్నాను.