ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కుంటోందా?



ప్రాజెక్టు రేపు ఉదయం ఇవ్వాలి. రాత్రి పదింటికి ఇంట్లో లేజర్ ప్రింటర్ ఆన్ చేస్తే రెండో కాగితమే లోపల ఇరుక్కుంది. జిరాక్స్ షాపులు మూసేశారు. ఇలాంటప్పుడు ప్రింటర్‌ను తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు ఇబ్బంది కాగితంలోనే ఉంటుంది. ముఖ్యంగా దానికి పట్టిన తేమలో.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లకు తేమ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం దాటితే ఎంత పేచీయో మనకు తెలుసు. కాగితమూ అంతే, వానాకాలంలో విప్పి పెడితే గాలిలోని తేమను పీల్చేస్తుంది. లేజర్ ప్రింటర్‌లో వాడే టోనర్ ఇంకు కాదు, సన్నని ప్లాస్టిక్ పొడి. విద్యుదావేశంతో ఆ పొడి కాగితం మీదికి చేరుతుంది. తర్వాత ఫ్యూజర్ అనే భాగంలో, సుమారు 200 డిగ్రీల వేడిలో, రోలర్ల మధ్య నలిగి కరిగి అంటుకుంటుంది. తేమ పట్టిన కాగితం ఆ వేడికి వంకర తిరిగి దారిలో చిక్కుకుంటుంది. రెండు కాగితాలు అంటుకుని ఒకేసారి లోపలికి పోవడానికీ తేమ ఒక కారణం.

అందుకే 500 కాగితాల రిమ్ము విప్పాక కావలసినన్నే తీసుకుని, మిగతావి అదే కవరులో గట్టిగా చుట్టి బీరువాలో పెట్టండి. కూలర్ పక్కన, నేల మీద వద్దు. మామూలు పనికి 70 నుంచి 80 జీఎస్ఎం కాగితం చాలు. ట్రేలో పెట్టేముందు అంచులు పట్టుకుని ఒకసారి రెపరెపలాడించి, బల్ల మీద తట్టి సమం చేయండి. పక్కనుండే గైడ్లు కాగితానికి ఆనాలి, నొక్కకూడదు.

ఒకవైపు వాడిన కాగితాలతో పొదుపు చేద్దామనిపిస్తుంది. మడతలు, పిన్నులు ఉంటే అవే జామ్‌కు మూలం. వాటిని లెక్కల రఫ్ వర్కుకు ఉంచడమే మేలు. ఇంక్‌జెట్ ఫోటో పేపర్, లేజర్‌కు పనికొస్తుందని రాసిలేని ప్లాస్టిక్ షీట్లు అసలే పెట్టొద్దు. కరిగి రోలర్‌కు అంటుకుంటే రిపేరు ఖర్చు చిన్నది కాదు.

కాగితం ఇరుక్కుంటే పిల్లలను మాత్రం చెయ్యి పెట్టనివ్వకండి. ఫ్యూజర్ చెయ్యి కాల్చేంత వేడిగా ఉంటుంది. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, అరగంట చల్లారనివ్వండి. తర్వాత పెద్దవాళ్లే రెండు చేతులతో, కాగితం వెళ్లే దిశలో, నెమ్మదిగా లాగాలి. చినిగితే లోపలి ముక్క దొరికేదాకా మళ్లీ ప్రింట్ ఇవ్వొద్దు. కత్తెర, స్కేలు దూర్చొద్దు. పొడి యూనిఫాం మీద పడితే దులిపి చన్నీళ్లతోనే ఉతకండి, వేడినీళ్లు తగిలితే మరక పోదు.

అప్పటికీ రాకపోతే ఆ రాత్రికి వదిలేయండి. ఫైలును క్లాస్ టీచర్‌కు పంపి, జరిగింది ఒక్క మాట చెప్పండి.