స్థానిక ప్రజారోగ్య విభాగం: రోజువారీ పనితీరు

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• స్థానిక ప్రజారోగ్య వ్యవస్థకు ఉన్న చట్టపరమైన నేపథ్యాన్ని తెలుపగలుగుతారు.
• పారిశుద్ధ్యం, తాగునీరు, దోమల నివారణ, జనన మరణాల నమోదు ఎలా జరుగుతాయో వివరించగలుగుతారు.
• వేర్వేరు చోట్ల ఉండే రికార్డులను కలిపి చూడవలసిన అవసరాన్ని చర్చించగలుగుతారు.

7.1 పరిచయం

ఆస్పత్రి చేసే పని మన కళ్ళకు కనిపిస్తుంది. జబ్బు చేసిన మనిషి లోపలికి వెళతాడు, నయమైతే నడిచి ఇంటికి వస్తాడు. వైద్యుడికి దణ్ణం పెట్టేవారు కూడా ఉంటారు. ప్రజారోగ్య విభాగానికి ఆ భాగ్యం లేదు. ఒక వీధిలో ఈ ఏడాది ఎవరికీ విరేచనాలు పట్టుకోలేదంటే, దాని వెనక ఎవరి శ్రమ ఉందో అక్కడివారికి తెలియదు. ఏమీ జరగకుండా చూడటమే ఈ విభాగం సాధించే ఫలితం. అందువల్ల అక్కడ పని సక్రమంగా సాగుతున్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. పని ఆగిపోయిన సంగతి మాత్రం ప్రాణాలు పోయినప్పుడు తెలుస్తుంది.

ఈ పాఠంలో ఒక మధ్యతరహా మున్సిపాలిటీని దృష్టిలో పెట్టుకుని ఈ విభాగం రోజూ చేసే పనులను పరిశీలిద్దాం.

7.2 చట్టపరమైన నేపథ్యం

ఇంగ్లండులో 1848లో వచ్చిన ప్రజారోగ్య చట్టం స్థానిక ఆరోగ్య బోర్డులకు పునాది వేసింది. ఊళ్ళో పన్ను చెల్లించేవారిలో పదో వంతు మంది కోరితే బోర్డును ఏర్పాటు చేయవచ్చు. వెయ్యి మంది జనాభాకు ఏడాదిలో మరణాలు 23కు మించితే, వారు కోరకపోయినా ఏర్పాటు చేయవచ్చు. ఒక ఊరికి ఆరోగ్య బోర్డు అవసరమని చెప్పడానికి మరణాల లెక్కనే ఆధారంగా తీసుకోవడం గమనించదగిన విషయం.

మన ప్రాంతానికి వస్తే, మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 నాటి చట్టం కింద జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు పనిచేశాయి. మీ తాతగారి తరంవారు 'బోర్డు హైస్కూలు' అనడం మీరు వినే ఉంటారు. ఆ మాటలోని బోర్డు ఇదే. మద్రాసు ప్రజారోగ్య చట్టం 1939లో వచ్చింది. రాష్ట్రాలు మారిన తరవాత కూడా ఆంధ్ర ప్రాంతంలో ఆ చట్టమే కొనసాగింది. నిజాం సంస్థానంలో 1912లో హైదరాబాద్ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి, ఇరుకు బస్తీల స్థానంలో గాలి వెలుతురు ఉండే ఇళ్ళ నిర్మాణం చేపట్టింది.

స్వాతంత్ర్యానంతరం 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలును చేర్చింది. అందులోని 18 అంశాలలో ఆరోది ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణ. ఐదో అంశం నీటి సరఫరా. జనన మరణాల గణాంకాలు 16వ అంశంలో ఉన్నాయి. గ్రామాల విషయంలో పదకొండో షెడ్యూలులోని 23వ అంశం ఆరోగ్యం, పారిశుద్ధ్యాలను పేర్కొంటుంది. బోర్డు అనే పేరు చాలావరకు పోయింది. పని మాత్రం మున్సిపాలిటీలకు, పంచాయతీలకు వచ్చింది.

7.3 పారిశుద్ధ్యం

విభాగం దినచర్య తెల్లవారకముందే మొదలవుతుంది. కార్మికులు నిర్ణీత స్థలంలో హాజరు వేయించుకుంటారు. దీన్నే మస్తరు అంటారు. మేస్త్రీ ఎవరు ఏ వీధికి వెళ్ళాలో చెబుతాడు. ఒకరు రాకపోతే ఆ వీధిని ఇంకొకరికి సర్దాలి. శానిటరీ ఇన్‌స్పెక్టర్ తన పరిధిలోని వార్డులు తిరిగి పని జరిగిందో లేదో చూస్తాడు. వీధులు ఊడ్వడం, ఇంటింటి చెత్త సేకరణ, కాలువల్లో పూడిక తీయడం, సంత ముగిసిన చోట శుభ్రం చేయించడం ఈ పూట పనులు.

పూడిక విషయంలో ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. కాలువలోంచి తీసిన పూడికను గట్టునే వదిలేస్తే, తరవాతి వానకు అది తిరిగి కాలువలోకే చేరుతుంది. పూడిక తీయడం ఎంత ముఖ్యమో, దాన్ని తరలించడం అంతే ముఖ్యం.

ఈ పని చేసే మనుషుల ఆరోగ్యం కూడా ప్రజారోగ్యమే. మురుగు గుంటల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అక్కడ పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషవాయువులు క్షణాల్లో స్పృహ పోగొడతాయి. పడిపోయినవారిని కాపాడబోయి రెండో మనిషి కూడా చనిపోయిన ఘటనలు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

7.4 తాగునీరు

నీటి ట్యాంకు దగ్గర క్లోరిన్ కలిపినంత మాత్రాన పని పూర్తికాదు. ఇంటి కుళాయి దగ్గరకు చేరేసరికి లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. దారిలో కలిసే క్రిములను చంపడానికి ఈ మిగులు పనికివస్తుంది. సిబ్బంది చేతిలో ఉండే చిన్న పరికరాన్ని క్లోరోస్కోప్ అంటారు. గొట్టంలో నీరు పట్టి, మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూస్తారు. రంగు రాకపోతే ఆ నీటిలో క్లోరిన్ మిగలలేదని అర్థం.

ఈ పరీక్ష ఎక్కడ చేయాలన్నది అసలు ప్రశ్న. ట్యాంకు కింద ఉన్న కుళాయి దగ్గర చేస్తే ఫలితం ఎప్పుడూ బాగానే ఉంటుంది. పైపులైను చివర ఉన్న కుళాయి దగ్గర చేయాలి. ఊరి చివర, పల్లపు ప్రాంతంలో, సాధారణంగా పేదల కాలనీలో ఆ కుళాయి ఉంటుంది.

మన పట్టణాల్లో నీరు రోజంతా రాదు. సరఫరా ఆగాక పైపులో ఒత్తిడి పడిపోతుంది. పైపుకు చిల్లు ఉండి, పక్కనే మురుగు కాలువ పారుతుంటే ఆ మురుగు లోపలికి చేరుతుంది. నీరు చాలడం లేదని ఎవరైనా కుళాయికి మోటారు బిగిస్తే ఆ పీల్పుడుకు మురుగు ఇంకా ఎక్కువగా లోపలికి వస్తుంది. మోటారు బిగించిన ఇంటివారి తప్పుకు చివరి ఇంటి పసిపిల్లలు జబ్బుపడవచ్చు.

బావి నీటి శుద్ధికి బ్లీచింగ్ పౌడరు వాడతారు. సాధారణంగా 1000 లీటర్లకు 2.5 గ్రాములు కలిపి, గంటసేపు ఆగిన తరవాత నీరు తోడుకోవాలి. తాజా పౌడరులో క్లోరిన్ సుమారు 33 శాతం ఉంటుంది. మూత తీసి వదిలేసినా, ఎండ, తేమ తగిలినా ఆ బలం తగ్గిపోతుంది. బస్తా మూతి విప్పి నెలలు గడిచిన పౌడరు చల్లితే వాసన వస్తుందే తప్ప రక్షణ ఉండదు.

7.5 దోమల నివారణ

మలేరియా పరాన్నజీవిని దోమ కడుపు గోడలో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న గుర్తించాడు. ఆ పరిశోధన సికిందరాబాద్ దగ్గరి బేగంపేటలో జరిగింది. మలేరియాను అదుపు చేయాలంటే దోమ పుట్టే నీటి గుంట దగ్గరకు వెళ్ళాలన్న అవగాహన ఆ తరవాత బలపడింది.

డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. ఇంట్లో నిలవ ఉంచిన మంచినీటిలో, కూలర్లలో, పాత టైర్లలో, కొబ్బరి చిప్పల్లో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి దాదాపు వారం నుంచి పది రోజులు పడుతుంది. మన ఊళ్ళలో శుక్రవారాన్ని 'డ్రై డే'గా పాటించమనడానికి కారణం ఇదే. వారానికి ఒకసారి నీటిని పారబోస్తే పురుగు దోమగా మారే అవకాశం ఉండదు. అయితే ఏడిస్ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. కాబట్టి నీరు పారబోయడంతో పాటు తొట్టి లోపలి గోడను రుద్ది కడగాలి.

పొగ యంత్రం వీధిలోకి వస్తే ప్రజలకు సంతృప్తి కలుగుతుంది. ఆ పొగ ఆ సమయంలో ఎగురుతున్న దోమలను మాత్రమే చంపుతుంది. నీటిలోని పురుగులను ఏమీ చేయదు. పొగ ఫొటో పత్రికలో వస్తుంది. ఇంటింటికి తిరిగి తొట్లు చూసే కార్యకర్త ఫొటో రాదు. ఎక్కువ ఫలితం ఇచ్చేది మాత్రం రెండో పనే.

7.6 జనన మరణాల నమోదు, వ్యాధుల సమాచారం

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జననమైనా, మరణమైనా 21 రోజుల్లోగా తెలియజేయాలి. చాలామంది దీన్ని ధ్రువపత్రం కోసం చేసే పనిగానే భావిస్తారు. నిజానికి ఊరి ఆరోగ్యానికి ఇది నాడి వంటిది. ఏ వీధిలో, ఏ వయసువారు, ఏ కారణంతో మరణించారో ఈ రిజిస్టరు చెబుతుంది. కారణం రాయవలసిన చోట 'గుండె ఆగిపోవడం' అని రాస్తే ఆ వివరం ఎందుకూ పనికిరాదు. ఏ మరణంలోనైనా చివరకు గుండె ఆగుతుంది. ఏ జబ్బు వల్ల ఆగిందన్నదే కావాలి.

1854లో లండన్ సోహో ప్రాంతంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ జాన్ స్నో రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి 83 మరణాల వివరాలు తీసుకుని ఆ ఇళ్ళ చుట్టూ తిరిగాడు. ఎక్కువ మరణాలు బ్రాడ్ స్ట్రీట్‌లోని నీటి పంపు చుట్టుపక్కలే ఉన్నాయని గుర్తించాడు. ఆ మాట విని స్థానిక పాలకమండలి సెప్టెంబరు 8న పంపు పిడి తీయించింది. అప్పటికే వ్యాధి తగ్గుముఖం పట్టిందని స్నో స్వయంగా ఒప్పుకున్నాడు. అయినా చిరునామాలతో కూడిన మరణాల జాబితా ఎంతటి సాధనమో ఈ ఘటన చూపింది.

ప్రస్తుతం మన దేశంలో 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం కింద క్షేత్ర కార్యకర్తలు లక్షణాలను బట్టి, వైద్యులు తమ అంచనాను బట్టి, ప్రయోగశాలలు పరీక్షల ఫలితాన్ని బట్టి సమాచారం పంపుతారు.

7.7 మూడు పుస్తకాలు

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకసారి విద్యార్థులను క్షేత్ర పర్యటనకు ఒక పట్టణానికి తీసుకువెళ్ళాను. అంతకు కొద్ది వారాల ముందే అక్కడి ఒక కాలనీలో వాంతులు, విరేచనాలు ప్రబలి ఇద్దరు చనిపోయారు. వారిలో ఒకరు రెండేళ్ళ పాప. మాకు మూడు పుస్తకాలు చూపించారు.

మొదటిది పారిశుద్ధ్య ఫిర్యాదుల పుస్తకం. కాలువ పొంగి కుళాయి గుంటలోకి నీరు వస్తోందని ఆ కాలనీ నుంచి ఒక సోమవారం ఫిర్యాదు వచ్చింది. రెండోది ఇంజనీరింగ్ విభాగం వారి క్లోరిన్ పుస్తకం. అదే కాలనీ చివరి కుళాయి ఎదురుగా బుధవారం 'రంగు లేదు' అని ఉంది. మూడోది దగ్గరలోని ఆరోగ్య కేంద్రం రోగుల రిజిస్టరు. గురువారం, శుక్రవారం ఆ కాలనీ నుంచి తొమ్మిది మంది విరేచనాలతో వచ్చారు. పాప చనిపోయింది ఆదివారం.

ఎవరూ తప్పుడు రాత రాయలేదు. ఎవరి పుస్తకం వారు శ్రద్ధగానే నింపారు. ఆ మూడు పుస్తకాలను ఒక బల్ల మీద పెట్టి చూసిన మొదటివాళ్ళు మా విద్యార్థులు. గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇందులో వ్యక్తుల లోపం కన్నా వ్యవస్థ అమరిక ముఖ్యమని నా అభిప్రాయం. పారిశుద్ధ్యం ప్రజారోగ్య విభాగం కిందా, పైపులు ఇంజనీరింగ్ విభాగం కిందా, ఆరోగ్య కేంద్రం రాష్ట్ర వైద్య ఆరోగ్యశాఖ కిందా ఉంటాయి. ముగ్గురికీ పై అధికారులు వేరు. వ్యాధికి మాత్రం ఈ విభజన తెలియదు.

బుధవారమే ఈ సంగతి గమనించి ఉంటే చేయవలసిన పనులు కష్టమైనవి కావు. ఆ లైనులో సరఫరా ఆపి ట్యాంకరుతో నీరివ్వడం, చిల్లు వెతికి మరమ్మతు చేయడం, తిరిగి ఇచ్చే ముందు ఎక్కువ క్లోరిన్‌తో పైపు కడగడం, ఇంటింటికీ వెళ్ళి జబ్బుపడినవారిని గుర్తించి లీటరు నీటికి ఒక ప్యాకెట్ చొప్పున ఓఆర్ఎస్ కలిపి తాగించడం. వీటన్నిటికీ కావలసిన సామగ్రి ఆ పట్టణంలో అప్పటికే ఉంది.

7.8 సారాంశం

స్థానిక ప్రజారోగ్య విభాగం పనులు చిన్నవిగా, ఒకేరకంగా కనిపిస్తాయి. ఊడ్వడం, పూడిక తీయడం, నీటి రంగు చూడటం, తొట్లు కడిగించడం, పేర్లు నమోదు చేయడం రోజూ జరగవలసినవి. ఒక రోజు మానినా వెంటనే నష్టం కనిపించదు కాబట్టి వీటిని వాయిదా వేయడం సులభం. నమోదు చేసిన వివరాలను కలిపి చదివే మనిషి లేకపోతే ఆ శ్రమ సగమే ఫలిస్తుంది. ఒక ఊరి ఆరోగ్యాన్ని అంచనా వేయాలంటే చివరి కుళాయి దగ్గర నిలబడి చూడాలి.

7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. క్లోరిన్ పరీక్షను పైపులైను చివరి కుళాయి దగ్గర ఎందుకు చేయాలి?
2. దోమల నివారణలో వారానికి ఒకసారి నీరు పారబోయడానికి, తొట్టి రుద్ది కడగడానికి ఉన్న కారణాలను తెలపండి.
3. మరణ కారణాన్ని సరిగా నమోదు చేయకపోతే కలిగే నష్టం ఏమిటి?
4. 7.7లోని ఘటనలో ఏ రోజు, ఎవరు, ఏ చర్య తీసుకుని ఉండవలసింది? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

కృత్యం: మీ వార్డులో లేదా గ్రామంలో చివరి కుళాయి ఎక్కడుందో కనుక్కోండి. అక్కడ క్లోరిన్ పరీక్ష చివరిసారిగా ఎప్పుడు జరిగిందో సంబంధిత సిబ్బందిని మర్యాదగా అడిగి తెలుసుకుని, ఒక పేజీ నివేదిక రాసి సంప్రదింపు తరగతికి తీసుకురండి.