ఎర్రచందనపు దుంగకు పుట్టుచీటి

మన చెట్టును మనము కొట్టుకొనుటకు సర్కారు అనుమతి యెందుకని మదనపల్లె, పుంగనూరు ప్రాంతములలో ఎర్రచందనము నాటిన రైతులు అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే. కాని శేషాచలపు అడవిలో దొంగిలించిన దుంగయు, పట్టాభూమిలో పెరిగిన దుంగయు కంటికి ఒక్కటే. వానిని వేఱుపఱచునది కాగితము మాత్రమే. 1995 నుండి ఈ కలప సైటిస్ అను అంతర్జాతీయపు టొడంబడికకు లోబడి యున్నది. ఎచ్చట పెరిగినదో రుజువు లేనిదే ఓడ యెక్కరాదు.

కుప్పము రైతునకు చిక్కు మఱింత ఎక్కువ. ఒకవైపు కర్ణాటకము, ఒకవైపు తమిళనాడు. బండి కదలిన కొలది దూరమునకే పొలిమేర. అటవీశాఖవారి రవాణా పర్మిట్టునకును దుంగలమీది ముద్రకును పొత్తు కుదురనిచో బండి నిలిచిపోవును. బాడుగ మాత్రము నిలువదు.

కావున నాటిననాడే చెట్ల సంఖ్య, సర్వే నంబరు అడంగలులో వ్రాయించి, మొక్కలు కొన్న రసీదు దాచుకొనుడు. చెట్టు చేవదేరునప్పటికి నేటి ఉద్యోగులెవ్వరును ఇచ్చట నుండరు.

2023 డిసెంబరులో కేంద్రప్రభుత్వము కలప ధ్రువీకరణ పథకమొకటి ప్రారంభించినది. అడవి వెలుపలి చెట్లకును అది వర్తించును. దుంగ తోటనుండి కొనుగోలుదారు వఱకు చేతులు మారిన లెక్కయు అందు చూతురు. చేరుట రైతుల యిష్టము. ఒంటి రైతునకు తనిఖీ వ్యయము బరువు. సంఘమున చెట్ల పుస్తకమొకటి తెఱచుట మంచిదని మా తలంపు. రాబోవు సమావేశమునకు మీమీ రసీదులు తెండు.