దవడ జాయింట్‌కి ఇంజెక్షన్: గుజ్జు నిజంగా మళ్లీ పెరుగుద్దా?

ఈ ఎపిసోడ్ దవడ కీలు గురించి. డాక్టర్లు టీఎంజే అంటారు. ముందే చెప్తున్నా, నేను బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్ చేసినవాణ్ణి, డాక్టర్‌ని కాదు. మందు చెప్పను. డాక్టర్ దగ్గర ఏం అడగాలో మాత్రం చెప్తాను.

చెవికి కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదులుతుందే, అదే ఆ కీలు. పుర్రెకీ దవడ ఎముకకీ మధ్యలో చిన్న డిస్క్ ఉంటుంది. మన వైపు గుజ్జు అంటాం. అది పక్కకి జరిగితే నోరు తెరిచినప్పుడల్లా టక్ టక్ మంటుంది. అడ్డం పడితే నోరు సగంలోనే ఆగిపోతుంది. నొప్పి లేకుండా శబ్దం ఒక్కటే ఉంటే మామూలుగా ట్రీట్‌మెంట్ అక్కర్లేదు.

ముత్తుకూరు వైపు నుంచి ఒక అక్క అడిగారు: "తమ్ముడూ, ఏడాదిగా దవడ నొప్పి. మూడు ఇంజెక్షన్లు వేస్తే గుజ్జు మళ్లీ పెరుగుద్దన్నారు. రొయ్యల పట్టుబడి డబ్బులు చేతిలో ఉన్నాయి, కట్టేయమంటావా?"

అక్కా, "ఇంజెక్షన్" అని ఒకే పేరుతో అమ్మేవాటిలో మూడు రకాలున్నాయి. ముందు అవి విడదీసి చూద్దాం.

మొదటిది ప్రోలోథెరపీ. గాఢమైన డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్ నీళ్లే. కీలు దగ్గర కావాలని కొంచెం చికాకు పుట్టిస్తే, ఒళ్లు దాన్ని మానపెట్టుకునే పని మొదలెడుతుందని లెక్క. ఆలోచన కొత్తది కాదు. దవడ జారిపోయేవాళ్లకి కీలు చుట్టూ ఇంజెక్షన్ ఇచ్చి బిగించే పద్ధతిని అమెరికాలో లూయిస్ షుల్ట్జ్ 1937లోనే రాశారు. అప్పుడు వాడిన మందు వేరు. ప్రోలోథెరపీ అనే పేరు 1950ల్లో జార్జ్ హ్యాకెట్ పెట్టారు.

రెండోది పీఆర్‌పీ. మన రక్తమే కొంచెం తీసి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని కీలులోకి ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లలో గాయం మాన్పే గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి. కొందరు డాక్టర్లు ముందు సెలైన్‌తో కీలు కడిగి, తర్వాత ఇది వేస్తారు.

మూడోది స్టెమ్ సెల్స్. ఇక్కడ జాగ్రత్త. ఐసీఎంఆర్, డిపార్ట్‌మెంట్ ఆఫ్ బయోటెక్నాలజీ కలిసి ఇచ్చిన 2017 గైడ్‌లైన్స్ ప్రకారం, రక్తం జబ్బులకి చేసే మూలకణ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్ సెల్ వైద్యం అనుమతి ఉన్న ట్రయల్‌లోనే చేయాలి. ట్రయల్ అయితే పరిశోధన ఖర్చు పేషెంట్ నుంచి తీసుకోకూడదు. కాబట్టి "స్టెమ్ సెల్ ప్యాకేజీ" అని రేటు చెప్పారంటే అక్కడే లేచి వచ్చేయండి.

మరి మొదటి రెండూ పని చేస్తాయా? నొప్పి తగ్గిందని చెప్పే ట్రయల్స్ ఉన్నాయి. 2019లో మేయో క్లినిక్ ప్రొసీడింగ్స్‌లో వచ్చిన ట్రయల్‌లో డెక్స్‌ట్రోజ్ తీసుకున్నవాళ్లకి, మత్తు మందు మాత్రమే తీసుకున్నవాళ్లకంటే బాగా తగ్గింది. కానీ అందులో పాల్గొన్నది యాభై మంది లోపే. అదీగాక అక్కడ కొలిచింది నొప్పిని, పనితీరుని. నొప్పి తగ్గడం వేరు, గుజ్జు పెరగడం వేరు. అరిగిన డిస్క్ మనుషుల్లో కొత్తదై తిరిగొస్తుందని గట్టి రుజువు లేదు. నొప్పి తగ్గొచ్చు అని చెప్పే డాక్టర్‌ని నమ్మొచ్చు. గుజ్జు గ్యారంటీగా పెరుగుద్ది అని అమ్మేవాళ్లని నమ్మొద్దు.

ఇంకో విషయం. దవడ నొప్పుల్లో చాలావరకు కీలువి కావు, నమిలే కండరాలవి. పళ్లు కొరుక్కోవడం, టెన్షన్, ఇలాంటివి దాన్ని పెంచుతాయి. అప్పుడు కీలులో సూది వేస్తే, బగ్ ఒక ఫైల్‌లో ఉంటే ఇంకో ఫైల్ మార్చినట్టే. 2023లో బీఎంజే పత్రిక ప్రచురించిన గైడ్‌లైన్ కూడా దీర్ఘకాలపు దవడ నొప్పికి వ్యాయామాలు, చేత్తో చేసే ఫిజియోథెరపీ, కౌన్సెలింగ్ తరహా థెరపీని గట్టిగా సిఫార్సు చేసింది. హైలురోనిక్ యాసిడ్ ఇంజెక్షన్లని మాత్రం సాధారణంగా వద్దంది. ఖర్చు తక్కువవే ముందు వరుసలో ఉన్నాయన్నమాట.

ఆలస్యం చేయకూడనివి రెండు. నోట్లో మీ మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. హఠాత్తుగా పట్టకపోతే వెంటనే చూపించండి. గడ్డం మీద పడ్డ పిల్లాడికి నోరు తెరుచుకోవడం తగ్గుతూ పోతుంటే కీలు ఎముకతో అతుక్కుపోతూ ఉండొచ్చు. దానికి ఇంజెక్షన్లు పనికిరావు, ఆపరేషన్ కావాల్సి వస్తుంది.

చూపించాల్సింది ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌కి. మైపాడు, కృష్ణపట్నం వైపు వాళ్లు దీనికోసం మద్రాసు పరిగెత్తక్కర్లేదు. నెల్లూరులోనే డెంటల్ కాలేజీ ఉంది, కడపలో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది.

డబ్బు కట్టే ముందు ఈ నాలుగూ అడగండి, జవాబులు రాసుకోండి. నా నొప్పి కీలుదా, కండరానిదా? ఎలా తేల్చారు? సిరంజిలో ఉండేది ఏంటి? మొదటి ఇంజెక్షన్‌కి తగ్గకపోతే తర్వాత ఏం చేస్తారు? మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకి చిరాకు పడరు.

అక్కా, ముందు ఈ జవాబులు రానీ, డబ్బు సంగతి తర్వాత. వీడియో ఇంట్లో దవడ పట్టుకుని తిరిగేవాళ్లకి పంపండి. ఉంటాను.