ఉక్కు సైకిలా? తేలిక సైకిలా?

పదో తరగతి ఫలితాలు వచ్చి, కాలేజీలు తెరిచే రోజులు దగ్గరపడేసరికి చాలా ఇళ్ళల్లో ఒక చర్చ మొదలవుతుంది. పిల్లలు సైకిలు కావాలంటారు. వాళ్ళడిగేది మామూలు సైకిలు కూడా కాదు. వంపు తిరిగిన హ్యాండిలూ, సన్నటి టైర్లూ, గేర్లూ ఉన్న రోడ్డు సైకిలు. అదీ వేలితో ఎత్తితే లేచేంత తేలికగా ఉండాలి. నాన్నగారేమో వరండాలో ఉన్న పాత నల్ల సైకిలు చూపించి, "దీనికేం తక్కువ? ఇనుము ఇనుమే" అంటారు. మధ్యలో డబ్బు సర్దవలసిందీ, సాయంత్రం పిల్ల ఇంటికి చేరేదాకా గుమ్మంలోకి చూస్తూ ఉండవలసిందీ మనమే కదా! అందుచేత ఈవేళ సైకిలుకు వెన్నెముక వంటి ఫ్రేము సంగతి చెప్పుకుందాం.

టైరు అరిగితే మారుస్తాం. చైను సాగితే కొత్తది వేయిస్తాం. సీటు చిరిగితే తొడుగు కుట్టుకుంటాం. కానీ ఫ్రేము పోతే సైకిలు పోయినట్టే. పైగా నడుస్తుండగా ఫ్రేముగానీ ముందు ఫోర్కుగానీ విరిగితే పడేది మన బిడ్డ. కనుక రంగూ, స్టిక్కర్లూ చూసే ముందు ఆ గొట్టాలు దేనితో చేశారో తెలుసుకోవాలి.

ఇప్పుడు దుకాణాల్లో మూడు రకాల ఫ్రేములు కనిపిస్తాయి. ఒకటి ఉక్కు. రెండోది అల్యూమినియం. దీన్ని దుకాణదారులు "అల్లాయ్" అంటారు. అల్లాయ్ అంటే మిశ్రలోహం, ఆ మాటకొస్తే ఉక్కు కూడా మిశ్రలోహమే! మూడోది కార్బన్. ఇది లోహం కాదు, సన్నటి కార్బన్ దారాలను జిగురులో పేర్చి గట్టిపరిచినది. పెడన మగ్గం బట్టను గుర్తు తెచ్చుకోండి. పోగు వెంట లాగితే చెక్కుచెదరదు, ఏటవాలుగా లాగితే సాగిపోతుంది. కార్బన్ కూడా అంతే. దాని బలమంతా దారం పోయే దిక్కులోనే ఉంటుంది. అందుకే పొర మీద పొర దిక్కు మార్చి వేస్తారు. ఆ పని చేసే నేర్పును బట్టే దాని మంచిచెడ్డలు.

అల్యూమినియం గురించి మనకు వంటిల్లే చెబుతుంది. ఒక చేత్తో సత్తు గిన్నె, ఇంకో చేత్తో ఇనుప మూకుడు ఎత్తి చూడండి. ఒకే పరిమాణంలో తీసుకుంటే అల్యూమినియం బరువు ఉక్కులో మూడోవంతు. అయితే వంగకుండా నిలిచే గుణం కూడా దానికి ఉక్కులో మూడోవంతే. మరి ఆ లోటు ఎలా పూడుస్తారు? గొట్టాన్ని లావు చేస్తారు. ఒక కాగితాన్ని సన్నగా చుట్టి వంచండి, అదే కాగితాన్ని కాస్త లావుగా చుట్టి వంచండి, తేడా తెలుస్తుంది. అల్యూమినియం సైకిళ్ళ గొట్టాలు బొద్దుగా కనిపించేది ఇందుకే, అందం కోసం కాదు. గొట్టం లావై గోడ పల్చనైతే దెబ్బకు సొట్టపడే గుణం కూడా వస్తుంది.

ఇక బరువు సంగతి. మంచి రకం ఉక్కుతో చేసిన రోడ్డు సైకిలు ఫ్రేము ఒక్కటే తూస్తే సుమారు 2 కిలోలు ఉంటుంది. అల్యూమినియంది కిలోన్నరకు అటూ ఇటూ, కార్బన్‌ది కిలోకు అటూ ఇటూ. అంటే తేడా అరకిలో నుంచి కిలో. నిండా నీళ్ళు పోసిన లీటరు సీసా బరువే కిలో! మరి మన పాత నల్ల సైకిలు 20 కిలోల దాకా ఎందుకు తూగుతుందంటారా? అందులో వాడింది మందపాటి మామూలు ఉక్కు. దానికి తోడు ఉక్కు రిమ్ములు, క్యారియరు, స్టాండు, మడ్‌గార్డులు, చైను కవరు. ఉక్కంటే బరువేననే అభిప్రాయం మనకు ఆ సైకిలు వల్ల కలిగిందే.

పైగా బరువు ఇబ్బంది పెట్టేది ఎత్తు ఎక్కేటప్పుడు. బందరు నుంచి గుడివాడ వెళ్ళినా, చల్లపల్లి నుంచి అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళినా ఎక్కవలసిన కొండ ఏదీ? కాలువ వంతెన వస్తే నాలుగు తొక్కులు గట్టిగా తొక్కాలి, అంతే. మన డెల్టాలో సైకిలు తొక్కేవాళ్ళకు ఎదురయ్యేది కొండ కాదు, సముద్రపు గాలి. ఎదురుగాలిలో ఫ్రేము బరువు కిలో తగ్గినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. ముందుకు వంగి కూర్చోవడం వల్ల వచ్చే లాభమే ఎక్కువ.

పందేల మాటకొస్తే, ఫ్రాన్సు దేశం చుట్టూ జరిగే టూర్ డి ఫ్రాన్స్ పోటీలో కూడా 1990ల తొలి సంవత్సరాల దాకా ఎక్కువగా ఉక్కు సైకిళ్ళే తొక్కారు. ఇంగ్లండులోని రేనాల్డ్స్ కంపెనీ 1935లో "531" పేరుతో మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కు గొట్టాలు తెచ్చింది. ఆ కంపెనీయే 1897లో చివర్లు మందంగా, నడుమ పల్చగా ఉండే గొట్టానికి పేటెంటు పొందింది. వెదురు బొంగు కణుపు దగ్గర గట్టిగా ఉన్నట్టే, ఈ గొట్టాలకు అతుకు పడే చోట బలం ఉంటుంది, మిగతా చోట బరువు తగ్గుతుంది. ఈ రోజుల్లో దొరికే మంచి ఉక్కును "క్రోమోలీ" అంటారు. అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు. ఫ్రేము మీద ఆ మాటగానీ, 4130 అనే అంకెగానీ ఉందేమో చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక తీగను అటూ ఇటూ పదేపదే వంచితే పుటుక్కున తెగుతుంది. లోహం అలిసిపోతుందన్న మాట. గతుకుల రోడ్డు మీద ఫ్రేము ప్రతి గుంతకూ కంటికి కనపడనంత వంగి లేస్తుంది. ఉక్కుకు ఒక హద్దుంది. ఆ హద్దులోపల ఎన్ని లక్షల సార్లు వంగినా అది అలిసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న వంపు కూడా లెక్కలో చేరుతూనే ఉంటుంది. అలాగని అల్యూమినియం సైకిలు ఏడాదికే విరుగుతుందని భయపడనక్కరలేదు. ఈ సంగతి తెలిసే తయారీదారులు దాన్ని వంగకుండా గట్టిగా చేస్తారు. కానీ అన్నయ్య తొక్కింది తమ్ముడికి, తమ్ముడు తొక్కింది చెల్లెలికి వచ్చే మన ఇళ్ళల్లో ఈ తేడా లెక్కలోకి తీసుకోవలసిందే.

పోయే తీరులో కూడా తేడా ఉంది. ఉక్కు సాధారణంగా ముందు వంగుతుంది, కిర్రుమంటుంది, పెయింటు మీద గీతలా పగులు చూపిస్తుంది. కార్బన్ ఫ్రేముకు గట్టి దెబ్బ తగిలితే పైన రంగు బాగానే ఉండి లోపలి పొరలు విడిపోవచ్చు. అది మన కంటికి దొరకదు.

ఉక్కు గొట్టం అతుకు ఊడితే ఊళ్ళో గ్యాసు వెల్డింగు తెలిసిన మనిషి ఇత్తడి అతుకు వేసి ఇవ్వగలడు. అల్యూమినియం వెల్డింగు అలా కాదు. వేడి తగిలిన చోట అది మెత్తబడిపోతుంది. తిరిగి బలం రావాలంటే ఫ్రేమునంతా కొలిమిలో పద్ధతి ప్రకారం వేడిచేయాలి. ఆ సౌకర్యం సైకిలు షాపులో ఎక్కడిది? ఒక్క హెచ్చరిక మాత్రం మరచిపోవద్దు. ఫ్రేము ఏదైనా సరే, ముందు ఫోర్కు పగిలితే అతుకు వేయించకండి, మార్పించండి. అది విరిగితే మనిషి తలక్రిందులుగా పడతాడు.

"అయితే ఉక్కు తుప్పు పడుతుంది కదా?" అని మీరడగవచ్చు. బాగా అడిగారు. మన ప్రాంతంలో అసలు ప్రశ్న అదే. ఉప్పునీటి సంగతి దివిసీమ వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేల ప్రాణాలు తీసింది. మామూలు రోజుల్లో కూడా మంగినపూడిలో, హంసలదీవిలో, కోడూరులో వీచే గాలిలో ఉప్పు ఉంటుంది. రొయ్యల చెరువుల పక్క దారుల్లో టైరు చిమ్మే నీళ్ళలోనూ ఉప్పే. ఇందాక ఉక్కు అలిసిపోదని చెప్పానే, ఆ మాట తుప్పు పట్టని ఉక్కుకే వర్తిస్తుంది. ఉప్పు తుప్పు గుంతలు చేసిందంటే ఆ హద్దు చెరిగిపోతుంది. కాబట్టి ఉక్కును ఎంచుకున్నవారు దాన్ని చూసుకునే బాధ్యతను కూడా ఎంచుకున్నట్టే.

అల్యూమినియానికి ఎర్రతుప్పు రాని మాట నిజమే. కానీ ఉప్పు దాన్ని కూడా గుంతలు గుంతలుగా తింటుంది. అల్యూమినియంలో ఉక్కు బోల్టు బిగించిన చోట ఉప్పుతడి చేరితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ లాంటిది ఏర్పడి అల్యూమినియం కరగడం మొదలవుతుంది. సీటు గొట్టం బిగుసుకుపోయి ఊడిరాకపోవడం ఇలాగే జరుగుతుంది.

చిలకలపూడి కవరింగు నగలు మనకు తెలిసినవే. పూత ఉన్నంతసేపే మెరుపు, పూత అరిగితే లోపలి లోహం బయటపడుతుంది. సైకిలుకు రంగు అలాంటి పూత. వారానికొకసారి మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. గీత పడి లోహం కనిపిస్తే సన్నటి గరుకు కాగితంతో రుద్ది, గోళ్ళరంగు ఒక పూత వేయండి. నవ్వకండి, చిన్న గీతలకు అది చక్కగా పనిచేస్తుంది!

కనపడని తుప్పు గొట్టం లోపల ఉంటుంది. వానాకాలం ముందు ఓవరాలింగ్‌కు ఇచ్చినప్పుడు సీటు గొట్టం తీయించి, ఉడికించిన అవిసె నూనె, అదే రంగుల దుకాణంలో దొరికే లిన్‌సీడ్ ఆయిల్, కొంచెం లోపల పోయించండి. ఫ్రేమును అన్ని వైపులా వంచి తిప్పి, మిగిలింది కారనిచ్చి, కొన్నాళ్ళు ఆరనిస్తే లోపల పొర కడుతుంది. కొబ్బరినూనె, ఆముదం అలా ఆరి పొర కట్టవు. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. అది తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. బయట విడిగా పరచి ఆరబెట్టండి. సీటు గొట్టం మళ్ళీ బిగించేటప్పుడు గ్రీజు రాయించడం మరవకండి. సైకిలు ఎప్పుడైనా ఉప్పునీటిలో మునిగితే వెంటనే మంచినీటితో కడిగించి, విప్పించి, ఆరబెట్టించాలి. "రేపు చూద్దాం" అంటే లోపల పని జరిగిపోతుంది.

ఆడపిల్లలకు కొనేవారు ఇంకొకటి గమనించాలి. మగవాళ్ళ సైకిలు ఫ్రేములో పైగొట్టం ఉండడం వల్ల త్రికోణం ఏర్పడుతుంది, అది చాలా గట్టి ఆకారం. ఓణీ, చీర కోసం ఆ గొట్టాన్ని కిందికి దించిన లేడీస్ సైకిలులో మిగతా గొట్టాల మీద భారం పెరుగుతుంది. అక్కడ ఉక్కు ఓర్పు బాగా అక్కరకొస్తుంది. చుడీదారు వేసుకునే అమ్మాయికి ఎత్తు సరిపోతే మామూలు ఫ్రేము కూడా నిక్షేపంగా పనికొస్తుంది. 1990ల తొలి సంవత్సరాల్లో తమిళనాట పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలమంది స్త్రీలు సైకిలు నేర్చుకున్నప్పుడు, ముందు కమ్మీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని మగవాళ్ళ సైకిళ్ళనే కోరినవారున్నారు.

ఇంట్లో పాత ఉక్కు ఫ్రేముంటే పారేసే ముందు పరీక్షించండి. వెనక చక్రం బిగించే చోట ఒకవైపు దారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండోవైపు కట్టండి. సీటు కింది నిలువు గొట్టానికి రెండువైపులా దారం సమాన దూరంలో ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టే. ముందు గొట్టాల అడుగున పెయింటు ముడతలు పడితే ఎప్పుడో గుద్దుకుందని గుర్తు. రంగు బుడగలుగా లేస్తే లోపల తుప్పు. 1951లో సోనేపట్‌లో మొదలైన అట్లాస్ 2020లో తయారీ నిలిపివేసింది. అయినా ఆ తరహా సైకిళ్ళకు టైర్లూ, ట్యూబులూ, బేరింగులూ ఊరి షాపుల్లో దొరుకుతూనే ఉన్నాయి. కొలతలు అందరివీ ఒకటే కావడం వల్ల వచ్చిన మేలిది.

కొత్తది కొనడానికి వెళితే చిన్న అయస్కాంతం సంచిలో వేసుకెళ్ళండి. ఉక్కుకు అంటుకుంటుంది, అల్యూమినియానికి, కార్బన్‌కు అంటుకోదు. "ఉక్కు సైకిలైతే కుదుపు తెలీదు" అని ఎవరైనా చెబితే పూర్తిగా నమ్మకండి. సుఖం ఎక్కువగా టైరు వెడల్పులోనూ, అందులో గాలిలోనూ ఉంటుంది. మరీ సన్నటి టైర్ల జోలికి పోకుండా ఉంటే మంచిది.

అల్యూమినియం ఎవరికి నయమంటే, లిఫ్టు లేని మూడో అంతస్తుకు రోజూ సైకిలు మోయవలసిన వారికి, తుడిచే తీరిక బొత్తిగా లేనివారికి. పందేలలో పాల్గొనే పిల్లలకు కార్బన్. కాలేజీకి, ట్యూషనుకు, బజారుకు పదేళ్ళపాటు నమ్మకంగా తిరగవలసిన సైకిలుకు మాత్రం మంచి ఉక్కు ఫ్రేమే తగినదని నా సలహా. కొన్నాక తుడిచే పని పిల్లలకే అప్పగించండి. తన సైకిలు తాను తుడుచుకునే పిల్ల పగులునూ తుప్పునూ అందరికంటే ముందే చూస్తుంది.