రిజిస్టరులో ఖాళీ గడి

కర్నూలు పడమటిసీమలోని కోసిగి ప్రాంతమున వానలు తప్పినయేట పెక్కు కుటుంబములు మిరపకాయల కోతకు గుంటూరుసీమకు వలసపోవుచుండును. అచ్చట శిశువు జన్మించినచో జననము అచ్చటనే నమోదగును గాని స్వగ్రామమున కాదు. అప్పటికి పేరు పెట్టకుండినచో రిజిస్టరులో ఆ గడి ఖాళీగా మిగులును.

పేరును పిదప చేర్పించుకొనుటకు 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము అవకాశమిచ్చినది. నమోదైన 12 మాసములలోపల రుసుము లేదు. తరువాత 15 ఏండ్లవరకు ఆలస్య రుసుము కలదు. పుట్టినచోటి రిజిస్ట్రారునకే తెలుపవలెను గనుక, కూలిదినము పోవునని తల్లిదండ్రులు జాగుచేయుట వింత కాదు.

2023 అక్టోబరు 1 మొదలు పుట్టినవారికి బడి ప్రవేశమునకును, ఆధారునకును, ఓటరు జాబితాకును ఆ పత్రమే జన్మతేదీకి రుజువు. అంతకు ముందే పుట్టి, నేటికి 13 ఏండ్లు నిండిన బాలునకు పేరు చేర్పించుకొను గడువు ఇంక రెండేండ్లే.